రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

పాత కారుకు రెండో తాళంచెవి అవసరమా, తాళంచెవి లోపలే ఉండిపోయి తలుపులు లాక్ పడిపోతే ఏం చేయాలి అని అడిగారు. తప్పకుండా అవసరమే. అయితే అది ఎవరి దగ్గర ఉందన్నదే అసలు విషయమని నా గట్టి నమ్మకం.

2009 మే నెలలో మా నాన్నగారి మారుతి 800లో ఏలూరు నుంచి ద్వారకా తిరుమల వెళ్ళాము. ఆ కారు తలుపుకు లోపలి గుండీ నొక్కి, బయటి హ్యాండిల్ ఎత్తిపట్టి వేస్తే తాళంచెవితో పని లేకుండానే లాక్ పడేది. నాన్నగారు అలవాటుగా అలాగే వేశారు. చెప్పులు, ఫోన్లు కారులోనే వదిలి దర్శనానికి వెళ్ళిన మేము పన్నెండు దాటాక తిరిగివచ్చి చూస్తే, తాళంచెవి స్టీరింగు పక్కనే వేలాడుతూ కనిపించింది. రెండోది ఏదని అమ్మ అడిగితే ఎవరమూ మాట్లాడలేకపోయాము, ఎందుకంటే అది డ్యాష్‌బోర్డు అరలో, ఆర్‌సీ ఉన్న కవరులో, అదే కారులో ఉంది. సిమెంటు నేల మీద అరికాలు మోపలేని ఎండలో అమ్మ తన చీర కుచ్చెళ్ళ అంచునే కాళ్ళ కిందికి లాక్కుని నిలబడింది. భోజనానికి ముందు వేసుకోవలసిన ఆమె షుగరు మాత్రలు వెనక సీటు మీద, అద్దంలోంచి కనబడుతూనే ఉన్నాయి.

చివరికి ఒక టాక్సీ డ్రైవరు గారు అద్దానికీ రబ్బరు బీడింగుకూ మధ్య స్టీలు స్కేలు దింపి, లోపలి కడ్డీకి తగిలేదాకా ఓపికగా కదిపితే గుండీ టక్కుమని పైకి లేచింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పవర్ విండోల వైర్లు తలుపులో ఉండే కార్లకు ఈ పని చేయించకండి, తాళాలు చేసే అనుభవజ్ఞుణ్ణే పిలవండి. లోపల పసిబిడ్డ చిక్కుకుంటే మాత్రం ఎవరి కోసమూ ఎదురుచూడవద్దు. బిడ్డకు దూరంగా ఉన్న పక్క కిటికీ అద్దం వెంటనే పగలగొట్టి, 112కు ఫోన్ చేయించండి.

మర్నాడే మరో తాళంచెవి చేయించాము. అరిగిపోయిన తాళంచెవిని చూసి కోస్తే ఆ అరుగుదలే కొత్తదానికీ వస్తుంది కాబట్టి, తక్కువ వాడినదాన్నే నమూనాగా ఇవ్వాలి. ఇంజిన్ కోసం తాళంచెవిలో చిప్ ఉండే కార్లకు కూడా, చిప్ లేని మామూలు ఇనుప తాళంచెవి ఒకటి కోయించుకోండి. దానితో బండి కదలదు కానీ తలుపు తెరుచుకుంటుంది, అప్పుడు కావలసింది అదే కదా.

సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే దళారుల మీద నాకు చాలా కోపం ఉంది. ఒక్క తాళంచెవి చేతిలో పెట్టి, రెండోది పాత యజమాని పోగొట్టుకున్నారని తేలికగా చెప్పేస్తారు. ఆ కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీ సాధారణంగా రెండు తాళంచెవులూ అడుగుతుందన్న మాట మాత్రం చెప్పరు. రెండోది లేకపోతే ఆ సంగతి అమ్మకపు కాగితంలో రాయించుకోండి.

ఆనాటి నుంచి మా ఇంట్లో కారు నడిపేవారి దగ్గర ఒక తాళంచెవి, వెంట వచ్చేవారి దగ్గర ఒకటి ఉంటున్నాయి. అమ్మ తన వాటాను మాత్రల డబ్బాతో పాటు చేతిసంచిలో పెట్టుకుంటుంది, ఆ సంచిని కారులో వదలదు.