పలుగురాళ్ళున్న ఎర్రనేలకు రోటావేటర్ బ్లేడ్లు ఏవి వేయాలి?

కళ్యాణదుర్గం పక్క అన్న ఒకాయన అడిగింది ఇది. 6 అడుగుల రోటావేటర్ (ట్రాక్టర్ వెనక తిరుగుతూ బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసేది), 47 హెచ్‌పీ ట్రాక్టర్, బ్లేడ్లు అరిగిపోయినాయి. షోరూంలో కంపెనీ సెట్టు రేటు ఎక్కువ చెప్తున్నారు, బజారులో చాలా తక్కువకే దొరుకుతున్నాయి, ఒక అంగడాయన మాత్రం కార్బైడ్ పూత ఉన్నవే వేసుకోమంటున్నాడు. ఏది తీసుకోవాలి?

అన్నా, మాది పామిడి పక్క. పెద్దవడుగూరు వైపు నల్లరేగడిలో శనగ, పత్తి చేన్లకీ, ఇవతల ఎర్రనేలల్లో శెనక్కాయ చేన్లకీ బాడుగకు రోటావేటర్ తిప్పుతాను. ఒకే సెట్టు ఈ రెండు నేలల్లో ఒకే తీరుగా అరగదు. అందుకే కంపెనీదా, బజారుదా అన్న లెక్క తర్వాత. ముందు మీ పాత బ్లేడ్లు నాలుగైదు విప్పి, మట్టి కడిగి వరుసగా పెట్టి చూడండి.

అంచు పొడుగునా సమంగా పల్చబడి, వెడల్పు తగ్గిపోయి, కొన కొడవలి మాదిరి సన్నగా మిగిలిందంటే అది ఇసుక తిన్న బ్లేడు. కొన ముక్క లేచిపోయినా, వంపు దగ్గర వెంట్రుకంత బీట కనబడినా, బోల్టు బెజ్జం దగ్గర తెగిపోయినా అది రాయి దెబ్బ. విరగకుండా పక్కకు వంగిపోయిందంటే ఉక్కే మెత్తనిది, లేదంటే టెంపర్ (ఉక్కును కాల్చి చల్లార్చి పెట్టే గట్టిదనం) సరిగ్గా లేదు. అన్నీ కాకుండా ఒక చివరవి మాత్రమే ముందుగా అరిగితే బ్లేడు తప్పు కాదు, పక్కనున్న స్కిడ్లు (లోతు సరిచేసే పట్టీలు) రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇప్పుడు కార్బైడ్ సంగతి. మన ఇసుకలో ఉండేది ఎక్కువగా పలుగే, అంటే క్వార్ట్జ్ రాయి. పలుగు గింజ టెంపర్ పెట్టిన ఉక్కు కన్నా గట్టిది, కాబట్టే ఇసుకనేల బ్లేడును అంత తొందరగా తినేస్తుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ ఆ పలుగును కూడా మించిన గట్టిది. దాన్ని బ్లేడుకు ఒక పక్కే పూస్తారు. పూత లేని పక్క ముందుగా అరుగుతూ పోతుంది, పూత ఉన్న పక్క సన్నగా నిలబడుతుంది, అందువల్ల అంచు వాడేకొద్దీ తనంతట తానే పదునుగా ఉంటుంది. బాగుంది కదా అనిపిస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ పక్క హగరి నది ఇసుక మేటలేసిన పొలాలకైతే నిజంగానే బాగుంటుంది, పెట్టిన డబ్బు వస్తుంది.

అయితే గట్టిది పెళుసుగా కూడా ఉంటుంది. రోటరు (బ్లేడ్లు బిగించిన ఇరుసు) నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంటే బ్లేడు కొన సెకనుకు దాదాపు 5 మీటర్ల వేగంతో పోతుంటుంది. ఆ వేగంలో పిడికెడంత పలుగురాయి తగిలితే మామూలు ఉక్కు సొట్టపడి ఊరుకుంటుంది, పూత మాత్రం పెచ్చులుగా లేచిపోతుంది. పెచ్చు లేచిన చోట కింది ఉక్కు గబగబా అరిగి అక్కడ గుంట పడుతుంది. మొన్న కంబదూరు పక్కనుంచి వచ్చిన ఒక సెట్టు చూశాను. పూత సగానికి సగం రాలిపోయింది, అంచు రంపంపళ్ళలా లేచింది. ఎక్కువ రేటు పెట్టి కొన్నవి. మీ చేనులో రాళ్ళు ఏరి గట్టున కుప్పలు పోసిన గుర్తులు ఉన్నాయంటే ఆ పూత జోలికి పోవద్దు, అంగడాయన ఏం చెప్పినా సరే.

మీకు కావాల్సింది గట్టిదనం కంటే దెబ్బ తట్టుకునే గుణం. బోరాన్ స్టీలుతో చేసి, ఫ్యాక్టరీలో టెంపర్ పెట్టిన 8 ఎంఎం మందం బ్లేడు తీసుకోండి. 7 ఎంఎంవి కూడా అమ్ముతారు, మెత్తటి దుక్కికి అవి చాలు, మీ నేలకు చాలవు. లారీ కమాన్ పట్టీలతో ఊర్లో చేసిచ్చేవి కూడా ఉంటాయి. ఆ ఉక్కు మంచిదే, కాదనను. కాకపోతే టెంపర్ కంటి అంచనా మీద పెడతారు కాబట్టి ఒకటి విరుగుతుంది, ఇంకోటి వంగుతుంది, సెట్టంతా ఒక్క తీరుగా ఉండదు.

బజారు సరుకు అంతా దండగ అనడం లేదు. కంపెనీ పేరు లేకున్నా మంచివి ఉంటాయి, పేరు గుద్దిన నకిలీలూ ఉంటాయి. అంగట్లోనే చూసుకోవచ్చు. మీ పాత బ్లేడు ఒకటి చేత పట్టుకుని పోండి. కొత్తదాని మీద పెడితే రెండు బెజ్జాలూ కలవాలి, వంపు కలవాలి. సెట్టులోంచి చేతికందిన నాలుగింటిని ఒక్కొక్కటిగా కాటా మీద పెట్టించండి, బరువుల్లో తేడా కొట్టొచ్చినట్టు ఉంటే వదిలేయండి. తర్వాత ఆకురాయితో అంచు మీద ఒక్కసారి రుద్దండి. ఆకురాయి జారిపోతే టెంపర్ ఉంది, పొడి రాల్చుకుంటూ దిగబడితే లేదు. ఆకురాయి తీస్తేనే మొహం మాడ్చుకునే అంగడిలో కొనకపోవడం మేలు.

ఆకారం గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోవద్దు. కంది మోళ్ళు, గడ్డి నరికి కలపాలి కాబట్టి మీకు ఎల్ టైపే (ఎల్ అక్షరంలా మడిచినది). సీ టైపు (సీ అక్షరంలా వంగినది) బిగువు రేగడికి బాగుంటుంది, లోడు కాస్త తగ్గుతుంది. కాలువ కింద వరి దమ్ముకైతే కథ వేరు.

6 అడుగులదానికి మామూలుగా 42 బ్లేడ్లు పడతాయి. మధ్యలో ఉండే 6 ఫ్లాంజిలకు (బ్లేడ్లు బిగించే బిళ్ళలు) ఆరేసి, చివరి రెండింటికి మూడేసి లోపలికి తిరిగి ఉంటాయి. ఎడమకు వంగినవి 21, కుడికి వంగినవి 21. కొనేటప్పుడే లెక్కపెట్టుకోండి, ఒక్కోసారి ఒకే పక్కవి ఎక్కువ కట్టేస్తారు. బిగించేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పేయొద్దు. ఒక చివర నుంచి మొదలుపెట్టి ఒకటి విప్పడం, దాని జాగాలో కొత్తది పెట్టడం, అట్లా పోండి. బ్లేడ్లన్నీ రోటరు మీద మెలిక తిరిగిన వరుసలో ఉంటాయి, ఒక్కొక్కటిగా నేలకు తగలడానికే ఆ వరుస. అది చెడితే రెండు మూడు ఒకేసారి కొడతాయి, బండి వెనక నుంచి గుద్దినట్టు అదురుతుంది, చివరికి గేరుబాక్సు బేరింగులు పోతాయి. పదునున్న అంచు ముందుగా నేలకు తగిలేట్టు ఉందో లేదో కూడా చూసుకోండి. రోటరు ట్రాక్టర్ చక్రాలు తిరిగే దిక్కుకే తిరుగుతుంది.

పాత బోల్టులే మళ్ళీ వాడటం పిసినారితనం. బోల్టు తల మీద 10.9 అని (అది దాని బలం గుర్తు) గుద్ది ఉన్నవి తీసుకోండి, లేకుంటే కనీసం 8.8. స్ప్రింగు వాషర్లు కొత్తవే వేయండి. రెండు మూడు ఎకరాలు తిప్పాక ఇంజను ఆపేసి అన్నీ ఇంకోసారి బిగించాలి, కొత్త బోల్టు మొదటి దెబ్బలకు తప్పకుండా వదులవుతుంది. రోటావేటర్ కింద దూరేటప్పుడు హైడ్రాలిక్కును నమ్మొద్దు, రెండు పక్కలా చెక్క మొద్దులు పెట్టాకే దూరండి. అరిగినవాటికి ముక్కలు వెల్డింగు చేయించే పని కూడా వద్దు. ఆ వేడికి చుట్టూ టెంపర్ పోతుంది, తర్వాత వెల్డింగు పక్కనే విరుగుతుంది.

చీనీ (బత్తాయి) తోటల్లో, అరటి తీసేసిన పొలాల్లో బాడుగకు పోతుంటే ఇంకో పని ఉంది. డ్రిప్పు పైపులు, మల్చింగు కాగితం రోటరుకు చుట్టుకుని చివర బేరింగు సీలులోకి దూరుతాయి, ఆయిలు కారడం మొదలవుతుంది. బ్లేడ్లు విప్పిన రోజే కత్తితో ఆ చుట్టంతా కోసి లాగేయండి. ఆయిలు మరక కనబడితే సీలు అప్పుడే మార్పించండి.

రాళ్ళున్న చేనులో రోటరు స్పీడు తగ్గించుకోవడం కూడా బ్లేడు కొన్నంత లాభం. మీది మల్టీ స్పీడు గేరుబాక్సు అయితే వెనక మూత విప్పి గేర్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు. మొదటిసారి రోటావేటర్ దించొద్దు, ముందు కల్టివేటర్ తోలి పెద్ద రాళ్ళు పైకి తేలితే ఏరించండి. తొలకరి పడ్డాక అంగళ్ళలో ఏది మిగిలితే అది అంటగడతారు, కాబట్టి మే నెలలోనే కొని పెట్టుకోండి. పాతవాటిలో సగం కూడా అరగనివి ఉంటే పారేయొద్దు, ఎడమా కుడీ వేరుగా కట్టి టూల్ బాక్సులో వేసుకుంటే చేను మధ్యలో ఒకటి విరిగిన రోజు పనికొస్తాయి.