చైన్ లోడర్ కొనే ముందు గేర్‌బాక్స్‌ను వేడెక్కించి చూడు

అల్లుడికి,

గనిలో నాపరాయి తుక్కు ఎత్తడానికి ఎర్రగుంట్ల దగ్గర పాత చైన్ లోడర్ (చక్రాల బదులు ఇనుప చైన్ల మీద నడిచే లోడర్) ఒకటి చూశావట, ఇంజన్ గంటలా పలుకుతోందట. సంతోషమే. కానీ ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం. ఇంజన్ పోతే విప్పి బాగుచేసే మిస్త్రీలు మన తాడిపత్రి చుట్టుపక్కల దొరుకుతారు. ఈ రకం బండి కొన్నవాణ్ణి ముంచేది గేర్‌బాక్స్, ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా దానికి అందించే కన్వర్టర్, స్టీరింగ్ క్లచ్‌లు, చైన్ల దగ్గరుండే చివరి గేర్లు, అంటే ఫైనల్ డ్రైవ్‌లు. డోజరైతే ఒకే వైపుకు చాలా దూరం నెట్టుకుంటూ పోతుంది. లోడర్ పని అలా కాదు. ముందుకు పోయి బకెట్ నింపాలి, వెనక్కి రావాలి, తిరగాలి, టిప్పర్‌లో పోయాలి, మళ్లీ వెనక్కి. పొద్దస్తమానం ఇదే కాబట్టి ముందు, వెనక గేర్ల క్లచ్ ప్లేట్లే మొదట అరుగుతాయి.

అది ఏ రకం బండో నువ్వు రాయలేదు. క్యాటర్‌పిల్లర్ 955 లాంటి పాత మోడళ్లలో కన్వర్టర్, ఆయిల్ ప్రెషర్‌తో గేర్లు మారే పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్, పక్కకు తిప్పడానికి స్టీరింగ్ క్లచ్‌లు ఉంటాయి. 1980ల నుంచి వచ్చిన 953, 963ల్లో గేర్లు మార్చే పనే లేదు. ఆయిల్ పంపులు, ఆయిల్ మోటార్లతో నడిచే హైడ్రోస్టాటిక్ అవి. నీది పాత రకమే అనుకుని రాస్తున్నాను, రెండోదాని గురించి చివర్లో చెబుతాను.

రేపు వస్తున్నామని ఓనరుకు చెప్పేటప్పుడే, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని కూడా చెప్పు. పొద్దున ఏడింటికల్లా అక్కడుండు. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలితే వాళ్లు ముందే నడిపి పెట్టారన్నమాట. ఎందుకు నడిపారో అడుగు. సీళ్లు గట్టిపడిన గేర్‌బాక్స్ చల్లగా ఉన్నప్పుడు గేరు పట్టడానికి ఆలస్యం చేస్తుంది, కాస్త వేడెక్కాక సర్దుకుంటుంది. ఇంకో రకం జబ్బు దీనికి తలకిందులు. పొద్దున బ్రహ్మాండంగా లాగుతుంది, ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక ప్రెషర్ పడిపోయి జారుతుంది. అందుకే చల్లగా ఒకసారి, బాగా కాలాక ఇంకోసారి చూడాలి. మన సీమ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో బండి చూసేవాడికి ఈ ఒక్క లాభం ఉంది. మధ్యాహ్నం దాకా పని చేయిస్తే దాని గుట్టంతా బయటపడుతుంది.

స్టార్ట్ చేయకముందే గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. ఆయిల్‌ను చల్లార్చే కూలర్ కారి ఉండొచ్చు, అప్పుడు రేడియేటర్ మూత తీసి అందులో ఆయిల్ తేలుతోందేమో కూడా చూడాలి. నల్లగా మారి మాడు వాసన వస్తే ప్లేట్లు జారి కాలుతున్నాయి. తళతళలాడే కొత్త ఆయిల్ కనిపిస్తే మురిసిపోవద్దు. ఎప్పుడు మార్చారో, పాత ఫిల్టర్ ఏదో అడుగు. జారుడు కనపడకుండా చిక్కటి ఆయిల్ పోసేవాళ్లూ ఉన్నారు. ఇక ఆయిల్ లెవల్ చాలా పవర్‌షిఫ్ట్ బండ్లలో ఇంజన్ నడుస్తుండగా, న్యూట్రల్‌లో, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు చూడాలి. డిప్‌స్టిక్ మీదో, పక్కన రేకు మీదో రాసి ఉంటుంది, దాని ప్రకారం చెయ్యి.

ఓనరును ఒప్పించి గేర్‌బాక్స్ ఫిల్టర్ విప్పించు. కొత్త ఫిల్టర్ ఖర్చు నువ్వే పెట్టుకో. పాతదాన్ని రంపంతో కోసి, లోపలి కాగితం మడతలు ఎండలో విప్పి చూడు. సన్నటి బూడిద రంగు పొడి కొంచెం ఉంటే భయం లేదు. నల్లటి పీచు, రాగి రంగు రేణువులు ఉంటే ప్లేట్లో బుష్‌లో అరుగుతున్నాయి. అయస్కాంతానికి అతుక్కునే ఇనుప ముక్కలుంటే గేరో బేరింగో పోతోంది. అతుక్కోని తెల్లటి అల్యూమినియం తుంపులైతే కన్వర్టర్ మీద అనుమానపడాలి. ఫిల్టర్ విప్పనివ్వను అన్నాడంటే, నా మటుకు నేను టీ తాగి తిరిగి వచ్చేస్తాను.

ఇక నడిపి చూడటం. న్యూట్రల్‌లో బండి తనంతట తాను కదలకూడదు. కదిలితే ప్లేట్లు వంకరపోయి పట్టుకుంటున్నాయి. న్యూట్రల్ నుంచి ముందుకు, న్యూట్రల్ నుంచి వెనక్కి, ఒక్కో గేరూ వేసి ఎంతసేపటికి పడుతోందో గమనించు. వేసిన వెంటనే పట్టాలి. రెండు సెకన్లు దాటి, ఆ తర్వాత దబ్బున తన్నిందంటే బాగాలేదు. ముందుకు అన్ని గేర్లలో జారుతూ వెనక్కి మాత్రం బాగుంటే ముందుకు నడిపే క్లచ్ పోయింది. ఒక్క సెకండ్ గేరులోనే, ముందుకూ వెనక్కూ జారితే ఆ స్పీడు క్లచ్ ఒక్కటే. అన్నిటిలోనూ జారితే పంపు, ప్రెషర్, కన్వర్టర్ వైపు చూడాలి. బేరం ఆడేటప్పుడు ఈ తేడా చాలా పనికొస్తుంది.

తర్వాత మట్టి కుప్ప దగ్గరికి తీసుకెళ్లి, ఫస్ట్ గేరులో బకెట్ లోపలికి గుచ్చి ఫుల్ రేజ్ ఇప్పించు. బాగున్న బండికి రెండు చైన్లూ నేలను గీరుతూ తిరగాలి. ఇంజన్ అరుస్తూ రెండు చైన్లూ నిలబడిపోతే గేర్‌బాక్సో కన్వర్టరో జారుతోంది. ఒక్క చైను నిలిచి రెండోది తిరుగుతోందంటే నిలిచిన వైపు స్టీరింగ్ క్లచ్ పోయినట్టు. ఈ బండ్లలో లారీకి ఉన్నట్టు డిఫరెన్షియల్ ఉండదు, కాబట్టి ఇందులో పెద్ద అనుమానం అక్కర్లేదు.

స్టాల్ టెస్ట్ మాత్రం తెలిసిన మెకానిక్ చేతే చేయించు. ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. పెద్ద గేరు వేసి, బ్రేకులు నొక్కిపట్టి, కొద్ది సెకన్లు ఫుల్ రేజ్ ఇచ్చి ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఆగుతుందో చూడాలి. ఆ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకె కంటే బాగా ఎక్కువ వస్తే క్లచ్ జారుతోంది, తక్కువ వస్తే ఇంజన్‌లోనో కన్వర్టర్‌లోనో లోపం ఉంది. ఎక్కువసేపు పట్టుకుంటే ఆయిల్ మరిగిపోతుంది. అయిపోగానే న్యూట్రల్‌లో పెట్టి కాసేపు తిప్పి చల్లారనివ్వాలి.

ఫైనల్ డ్రైవ్‌లకు పని అయ్యాక చెయ్యి దగ్గరికి పెట్టి చూడు. ఒకటి మామూలుగా ఉండి రెండోది కాలిపోతుంటే లోపల బేరింగ్ అరుగుతోంది. డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి కాస్త ఆయిల్ అరచేతిలోకి పట్టు. మెరుపు కనిపించకూడదు. చైను తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) వెనక తడి ఉంటే సీలు పోయింది. చైన్లు, రోలర్లు, పళ్లు ఎంత అరిగాయో కళ్లకే కనిపిస్తుంది, దానికి నా లేఖ అక్కర్లేదు.

ఒకవేళ హైడ్రోస్టాటిక్ అయితే చదునైన చోట సున్నంతో తిన్నటి గీత గీయించి, లివర్ కదపకుండా దాని వెంట నడిపించు. ఒక పక్కకు లాగితే ఆ వైపు పంపు, మోటారు అరిగి ఉండొచ్చు, సెట్టింగ్ తప్పి ఉండొచ్చు. వేడెక్కాక ఆ లాగుడు పెరిగిందంటే మాత్రం అరుగుదలే. అందులో ఒకచోట ఇనుము విరిగితే పొడి ఆయిల్‌తో పాటు మిగతావాటిలోకీ చేరుతుంది, ఖర్చు మనం మోయలేం. నన్నడిగితే మన పనికి పాత రకమే నయం.

జారుతోందని తెలిసినంత మాత్రాన బండి వదిలేయాలని కాదు. ఒక్క స్టీరింగ్ క్లచ్ అయితే ఆ ఖర్చు ధరలో తగ్గించి కొనొచ్చు. కన్వర్టర్, గేర్‌బాక్స్ రెండూ అనుమానంగా ఉండి, ఆ మోడల్ పార్ట్‌లు ఎక్కడ దొరుకుతాయో ఓనరే చెప్పలేకపోతే అటు చూడొద్దు.

చైన్ల మీద నడిచే బండికి సాధారణంగా ఆర్‌సీ ఉండదు. అందుకే మొదటి కొనుగోలు బిల్లు నుంచి ఇప్పటి ఓనరు దాకా కాగితాలన్నీ వరసగా ఉన్నాయా, ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ ఇచ్చారా, బండి రేకు మీది సీరియల్ నంబరు బిల్లుతో కలుస్తుందా చూసుకో. ఇవన్నీ తేలేదాకా అడ్వాన్స్ పేరుతో ఒక్క రూపాయి ఇవ్వొద్దు, బ్రోకరు ఎంత తొందరపెట్టినా సరే.

వెళ్లే రోజు ముందే ఫోన్ చెయ్యి. ప్రెషర్ గేజ్ ఉన్న మెకానిక్‌ను నేను మాట్లాడి పెడతాను, ఆయన కూలీ నువ్వు ఇచ్చుకో. మోడల్ నంబరు ముందుగా పంపితే మాన్యువల్ వెతికి పెట్టుకుంటాడు.

మీ మామ,
తాడిపత్రి