బృంద నాయకుడు ఉద్యోగులు పనిలో మనసు పెట్టేలా ఎలా చేయగలడు?

జీతం, పండుగ బహుమతులు అవసరమే కానీ వాటితోనే ఉద్యోగి పనిలో మనసు పెట్టడు. అమెరికా పరిశోధకుడు విలియం కాన్ ఒక వేసవి శిబిరంలోని శిక్షకులనూ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులనూ పరిశీలించి 1990లో ప్రచురించిన వ్యాసంలో ఇందుకు మూడు పరిస్థితులను గుర్తించారు: చేసే పనికి అర్థం ఉందనిపించాలి, మనసులో మాట చెబితే తనకు హాని జరగదన్న భరోసా ఉండాలి, పనికి కావలసిన శక్తి తనలో మిగిలి ఉండాలి.

వీటిలో బృంద నాయకుడి చేతిలో ఎక్కువగా ఉన్నది భరోసాయేనని నా అభిప్రాయం. టొయోటా కర్మాగారాల్లో లోపం కనబడితే కార్మికుడు ఆండన్ అనే హెచ్చరిక తాడు లాగుతాడు (కొన్నిచోట్ల ఇప్పుడు దాని బదులు బటన్ నొక్కుతాడు). బృంద నాయకుడు వెంటనే వచ్చి చూస్తాడు, సమస్య నిర్ణీత వ్యవధిలో తీరకపోతే ఉత్పత్తి వరుస ఆగుతుంది. తాడు లాగినవారిని నిందిస్తే ఆ ఏర్పాటుకు విలువే ఉండదు. హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ బృందానికైనా ఇదే వర్తిస్తుంది: గడువులోగా పని పూర్తి కాదని ముందే చెప్పిన ఉద్యోగిని అందరి ముందు మందలిస్తే, తర్వాతి సమావేశాల నుంచి ఎవరూ నిజం చెప్పరు.

వినియోగదారు మెచ్చుకోలును ఆ పని చేసిన వ్యక్తికే నేరుగా చేరవేస్తే పనికి అర్థం కనబడుతుంది. అమెరికా వేళలకు జరిగే రాత్రి కాల్స్‌ను వంతులవారీగా పంచితే శక్తి మిగులుతుంది. వీటితోపాటు, ప్రతి ఉద్యోగితో వారానికోసారి విడిగా మాట్లాడి, పనికి ఏది అడ్డుపడుతోందో అడిగి, చెప్పినవాటిలో కనీసం ఒక్కదాన్నైనా మరుసటి వారానికి తీర్చాలి. తీర్చలేనిదానికి కారణం దాచకుండా చెప్పాలి.