సమాధానం: హైవ్‌లో మా తెలుగు కమ్యూనిటీ కొత్తవాళ్లు రెండు కామెంట్లకే ఆగిపోతున్నారు

వాళ్ల తప్పేం లేదండి. హైవ్ అంటే బ్లాక్‌చెయిన్ మీద నడిచే, రాతలకు ఓట్లను బట్టి క్రిప్టో ఇచ్చే నెట్‌వర్క్ కదా, అందులో ప్రతి పోస్టుకూ, కామెంటుకూ రిసోర్స్ క్రెడిట్లు (వాడుక కోటా) ఖర్చవుతాయి. ఖాతాలో హైవ్ పవర్ (లాక్ చేసి ఉంచిన హైవ్ నాణేలు) దాదాపు లేకపోతే అవి ఇట్టే అయిపోతాయి, పూర్తిగా నిండడానికి 5 రోజులు. మీ హైవ్ పవర్ ఇవ్వక్కర్లేదు, రిసోర్స్ క్రెడిట్లు మాత్రమే వాళ్లకు డెలిగేట్ చేయండి, అంటే వాడుకోవడానికి ఇవ్వండి. దానికి పోస్టింగ్ కీ (రాయడానికి, ఓటేయడానికి వాడే రహస్య కీ) చాలు. యాక్టివ్ కీ అడిగే సైటేదైనా ఉంటే అక్కడే ఆగండి, దాంతో డబ్బు కదులుతుంది.

ఇక రాతలకు రాబడి తెచ్చే ఓట్లు. పూర్తి ఓటుకు 2 శాతం ఓటు శక్తి పోతుంది, రోజుకు 20 శాతం తిరిగొస్తుంది. అంటే రోజుకు పది పూర్తి ఓట్లు. వాటిని మీలో మీరే పంచుకుంటే డౌన్‌ఓట్లు (రాబడి తగ్గించే వ్యతిరేక ఓట్లు) ఖాయం. పైగా పోస్టు పెట్టిన 7 రోజుల తర్వాత వచ్చే చిల్లర కోసం ఎవరూ నిలవరు (నిలిచినా రాతలు చప్పగా ఉంటాయి). కామెంట్లకు జవాబులివ్వండి, వారానికో అంశం పెట్టండి, ఊరి వంటో, పొలం పనో.