తీపి లేనిదాన్ని చక్కెర అనవచ్చునా?

సందేహం: రైతుల పత్రికకు రైజోబియం మీద, అంటే పప్పుజాతి మొక్కల వేళ్ళలో చేరి గాలిలోని నత్రజనిని వాటికి అందించే బ్యాక్టీరియా మీద, వ్యాసం రాస్తున్నాను. "ఈ బ్యాక్టీరియా రకరకాల చక్కెరలు తయారుచేసి, వాటికి మార్పులు చేసి, మొక్క వేళ్ళలో చోటు సంపాదిస్తుంది" అని రాశాను. చక్కెరకు బహువచనం ఉండదనీ, తియ్యగా లేనిదాన్ని చక్కెర అనకూడదనీ మా సంపాదకులు కొట్టేశారు. ఒక పుస్తకంలో 'బాహ్యకణ బహుశర్కరలు' అని ఉంది. అదే వాడాలా? ఈ బ్యాక్టీరియా చేరినచోట వేళ్ళ మీద లేచే ఉబ్బుకు బుడిపె, బొడిపెల్లో ఏది సరి?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం: అమ్మా, బహువచనానికి అంత టెన్షన్ అక్కర్లేదు. నూనెలు, పప్పులు అంటున్నాం కదా. రకాలు చెప్పేటప్పుడు చక్కెరలూ అంతే.

తీపి సంగతి చూద్దాం. సంస్కృతంలో శర్కర అంటే మొదట గులకరాయి, గరుకు ఇసుక. ఆయుర్వేదంలో మూత్రంలో పడే రాతి నలుసులకు శర్కర అనే పేరు. చెరుకురసం కాచగా మిగిలిన పలుకులు చేతికి ఇసుకలా తగిలేసరికి ఆ మాటే వాటికీ అంటుకుంది. పాళీలో సక్ఖర అంటే రాయీ అవుతుంది, చక్కెరా అవుతుంది. ప్రాకృతం మీదుగా మనకు చక్కెర, కన్నడిగులకు సక్కరె వచ్చాయి. మలయాళీలు శర్కర అంటే బెల్లం ఇస్తారు. మన కలకండను తమిళులు కల్కండు అంటారు, అందులో కల్ అంటే రాయే. అదే శర్కర పడమటికి వెళ్ళి పారశీకంలో షకర్, అరబ్బీలో సుక్కర్, చివరికి ఇంగ్లీషులో షుగర్ అయింది. గ్రీకులు సఖ్ఖరోన్ అన్నారు. రసాయనవేత్తల 'శాకరైడ్' ఆ కొమ్మ మీదిదే. చాలా చక్కెరలు గొలుసుకట్టిన పెద్ద అణువును పాలీశాకరైడ్ అని ఎంత గంభీరంగా పలికినా మన గులకరాయినే పలుకుతున్నాం. పుట్టుకలోనే తీపి లేని మాటకు తీపి లేదని అభ్యంతరం చెబితే ఎలా? (పంచదార జోలికి వెళ్ళను. అది వేరే ఉత్తరానికి సరిపడా తగాదా.)

అయితే మీ పాఠకుడు వ్యుత్పత్తి చూసి చదవడు. చక్కెర అనగానే అతనికి టీ గుర్తొస్తుంది. కాబట్టి ఏ చక్కెర ఏం చేస్తుందో చూసి పేరు పెట్టండి. పశువుల మేతకు పెంచే లూసర్న్ గడ్డినే తీసుకోండి. దాని వేళ్ళు ఊరించే పదార్థాలు తగలగానే మట్టిలోని బ్యాక్టీరియా ఒక చిన్న గొలుసు అల్లుతుంది. అందులో నాలుగైదు చక్కెర ముక్కలు, పీతల డొప్పలో ఉండే కైటిన్ జాతివి. ఒక కొసన కొవ్వు తోక, రెండో కొసన గంధకం చేరిన సల్ఫేటు. ఆ సల్ఫేటు లేకపోతే లూసర్న్ ఆ గొలుసును దాదాపు పట్టించుకోదు. ఫ్రాన్సులోని తులూజ్ శాస్త్రజ్ఞులు 1990లో విప్పి చూపిన నిర్మాణం ఇది. శాస్త్రంలో దీన్ని నాడ్ ఫ్యాక్టర్ అంటారు. ఇక్కడ 'చక్కెర గొలుసు' అనండి, తప్పులేదు.

రెండోది బ్యాక్టీరియా తన ఒంటి చుట్టూ ఊరించుకునేది. ఏడు గ్లూకోజులు, ఒక గాలక్టోజు చొప్పున మళ్ళీ మళ్ళీ పేర్చిన పొడుగాటి అణువు, మధ్యమధ్య సక్సినేటు వంటి చిన్న రసాయనాల తగిలింపులు. ఇది కరువైన బ్యాక్టీరియా లూసర్న్ వేళ్ళ మీద బుడిపెలు పుట్టించగలదు గానీ లోపలికి చేరలేదు. ఖాళీ బుడిపెలు, నత్రజని సున్నా. సక్సినేటు తగిలింపు ఒక్కటి తప్పినా దాదాపు అదే గతి. మీ పుస్తకం 'బాహ్యకణ బహుశర్కర' అన్నది దీన్నే. ఆ మాట నోరు తిరిగేలోపు పంట కోతకొస్తుంది! మనకు బంక అనే చక్కటి మాట లేదా? తుమ్మబంక కూడా రసాయనరీత్యా ఇలాంటి పెద్ద చక్కెరే. విత్తనాలకు రైజోబియం పట్టించేటప్పుడు అంటుకోవడానికి బెల్లం నీళ్ళు కలిపే రైతుకు బంక గురించి మనం పాఠం చెప్పనక్కర్లేదు. ఇంట్లో మాట ఉండగా సమాసాలు కుట్టడం మన పాఠ్యపుస్తకాలకు పాత జబ్బు. నత్రజని 'స్థాపన' అట, విగ్రహమా స్థాపించడానికి? ఇక మొక్క, బ్యాక్టీరియా కలిసి బతకడానికి 'సహజీవనం' అని శీర్షిక పెట్టేముందు ఆలోచించండి, పేపర్లవాళ్ళు దాని అర్థం ఎటు తిప్పారో మీకు తెలుసు.

ఒక హెచ్చరిక, భాషకు సంబంధించింది కాదు. లూసర్న్‌లో బ్యాక్టీరియా వేరు మీది సన్నటి నూగులోంచి దారి చేసుకుంటుంది. మీ జిల్లా వేరుశనగలో పక్కవేళ్ళు మొలిచేచోటి చీలికల్లోంచి చొరబడుతుంది. లూసర్న్ కథను వేరుశనగకు అచ్చంగా అతికించకండి.

నా మొగ్గు: మొత్తం జాతిని చెప్పేచోట శర్కరలు, బ్యాక్టీరియా చుట్టూ ఊరేదానికి బంక. చక్కెరలు అని ఉంచినా తప్పనలేను, 'ఇవి తియ్యగా ఉండవు' అని మొదట్లో ఒక ముక్క రాస్తే చాలు. మీ సంపాదకులు దానికీ ఒప్పుకోకపోతే, పత్రిక వారిది.

బుడిపె, బొడిపె రెండూ ఉన్నాయి. బడి పుస్తకాల్లో బుడిపె స్థిరపడింది, అదే రాయండి. గ్రంథి మాత్రం వద్దు, చదివేవాళ్ళు వేళ్ళకు జబ్బు చేసిందనుకుంటారు.