మీ ప్రశ్న, మా చెవి: డెఫ్‌టోన్స్‌కి ఇన్ని మార్కులా?

ప్రశ్న: మాది తెనాలి, ఉద్యోగం కోసం బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఒక సీనియర్ పెన్‌డ్రైవ్‌లో 'వైట్ పోనీ' ఆల్బమ్ ఎక్కించి ఇచ్చాడు, అప్పటినుంచి డెఫ్‌టోన్స్ అనే ఆ అమెరికన్ మెటల్ బ్యాండ్‌ని వింటున్నాను. 2025 ఆగస్టులో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ 'ప్రైవేట్ మ్యూజిక్' గురించి నేను చదివిన రివ్యూలన్నీ పొగడ్తలే. నాలుగుసార్లు విన్నాను సర్. మొదటి రెండు పాటలు అదిరిపోయాయి, ఆ తర్వాత ఏది ఎక్కడ అయిపోయిందో, ఏది ఎక్కడ మొదలైందో తెలీలేదు. విమర్శకులంతా కలిసి భజన చేస్తున్నారా, లేక నా చెవిలోనే తేడా ఉందా?
(మారతహళ్లి పాఠకుడు)

జవాబు: మీ చెవికేం కాలేదు. వాళ్ళదీ పూర్తిగా భజన కాదు. కొంచెం ఓపిక పట్టండి, ఇది ఒక్క ముక్కలో తేలేది కాదు.

మన సినిమాల్లో అరవై దాటిన హీరో ఒక్క ఫైటు బాగా చేస్తే చాలు, పొద్దున్నే ఆటకి వెళ్ళినవాళ్ళు ఇంటర్వెల్‌కల్లా 'వింటేజ్' అని రాసేస్తారు కదా. పాత బ్యాండ్లకి ఇంగ్లీషు విమర్శకులు చేసేదీ అదే. కొత్త ఆల్బమ్ ఎలా ఉందని కాదు, మన పాతవాళ్ళు మనకి తిరిగి దొరికారా లేదా అని చూస్తారు. 2010లో 'డైమండ్ ఐస్'కీ అలాగే చూశారు, 2020లో 'ఓమ్స్'కీ అలాగే చూశారు, ఇప్పుడు మళ్ళీ. ఇన్నిసార్లు తిరిగొచ్చారంటే మధ్యలో ఎక్కడికి వెళ్ళినట్టు?

ఇంకో సంగతి ఉంది, నాకైతే ఇదే అసలు కారణం అనిపిస్తుంది. 2000లో వైట్ పోనీ వచ్చినప్పుడు వీళ్ళని కార్న్, లింప్ బిజ్‌కిట్ లాంటి 'నూ మెటల్' (మెటల్‌కి ర్యాప్ కలిపిన) బ్యాండ్లతో కలిపి ఒకే గంపలో వేసి, ఆ గంపనే చిన్నచూపు చూసిన పత్రికలు చాలా ఉన్నాయి. అందులోని 'ఎలీట్' పాటకి మరుసటి ఏడాది గ్రామీ వచ్చినా ఆ ముద్ర వెంటనే పోలేదు. ఇవాళ రివ్యూలు రాస్తున్నవాళ్ళలో చాలామంది అప్పుడు మీలాగే హాస్టల్ గదుల్లో ఆ ఆల్బమ్ విని పెరిగిన పిల్లలు. వాళ్ళ చేతికి కలం వచ్చింది. దాన్ని పక్షపాతం అనను గానీ, అభిమానం మాత్రం తప్పకుండా ఉంది.

ఇక ఆల్బమ్ సంగతి. 11 పాటలు, సుమారు 42 నిమిషాలు. నిర్మాత నిక్ రస్కూలినెజ్, అంటే 'డైమండ్ ఐస్', 'కోయ్ నో యోకాన్' చేసినాయన. 2008లో బేసిస్ట్ చీ చెంగ్ కారు ప్రమాదంలో కోమాలోకి వెళ్ళాక, అప్పటిదాకా రికార్డ్ చేసిన ఆల్బమ్ మొత్తాన్ని పక్కనపెట్టి, కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో బ్యాండ్‌ని నిలబెట్టిన మనిషి. ఆయన చెయ్యి పడగానే గిటార్ బరువు, గొంతులో తేలికదనం రెండూ ఒకేసారి వినిపిస్తాయి. విమర్శకులు ఎక్కువగా మెచ్చుకున్నది దీన్నే, అందులో అబద్ధం లేదు. యాభై దాటిన మనుషులు ఇంత బిగువుగా వాయించడం మామూలు విషయం కాదు, ఏబ్ కనింగ్‌హామ్ డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని విన్నా డబ్బులు గిట్టినట్టే.

కానీ మీరు అడిగింది పాటల గురించి. మూడో పాట పేరు 'ఎక్డిసిస్', అంటే కుబుసం విడవడం. అట్ట మీద కూడా తెల్ల పామే. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే కుబుసం విడిచినా పాము అదే పాము, మీ ఫిర్యాదు కూడా సరిగ్గా అదే. పొగిడిన విమర్శకుల్లోనూ కొందరు కొత్తదనం తక్కువే అన్నారు, కాకపోతే ఆ మాట చివరి పేరాలో, గొంతు తగ్గించి అన్నారు. నా లెక్కలో 'లాక్డ్ క్లబ్', 'సువెనీర్', 'మిల్క్ ఆఫ్ ది మడోనా' గట్టి పాటలు, 'కట్ హ్యాండ్స్' సరదాగా ఉంటుంది, మధ్యలో ఒకటి రెండు నేను దాటేస్తాను.

ఒకటి అడుగుతాను, ఎక్కడ విన్నారు? నేను మొదటిసారి 500-డి బస్సులో, చెవుల్లో చవక ఇయర్‌బడ్స్ పెట్టుకుని విన్నాను. సిల్క్ బోర్డ్ దగ్గర బండి కదలడం లేదు, 'సువెనీర్' నడుస్తోంది, ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. బ్లూటూత్ తెగిపోయిందేమో అని ఫోన్ తీసి చూశాను. తెగలేదు. గిటార్లు ఆగిపోయి చివర్లో సన్నటి కీబోర్డు ధ్వని ఒక్కటే సాగుతోంది, హారన్ల మధ్య అది నాకు వినపడలేదు అంతే! ఆ రాత్రి అందరూ పడుకున్నాక వైరున్న పాత హెడ్‌ఫోన్స్‌తో మళ్ళీ పెట్టాను. అప్పుడు తెలిసింది, ఆ చివరి భాగం కోసమే ఆ పాట అంతసేపు ఉందని. ఈ బ్యాండ్‌లో కీబోర్డు వాయించే ఫ్రాంక్ డెల్గాడో చేసే పని చాలావరకు ఇలా గిటార్ల వెనక ఉంటుంది. అది వినపడకపోతే అన్ని పాటలూ ఒకే గోడలా అనిపిస్తాయి. రివ్యూ రాసేవాళ్ళు వినేది నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మీరు వినేది ఔటర్ రింగ్ రోడ్డు మీద. తేడా కొంత అక్కడే వచ్చింది.

విమర్శకులకుండే ఇబ్బంది ఇంకోటి. ఆవకాయ కలిపిన మూడో రోజు జాడీ తీసి తిరగకలిపేటప్పుడు వేలితో రుచి చూస్తారు చూడండి, విడుదల రోజుకి రివ్యూ రాయడం అలాంటిదే. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పొచ్చు, ముక్క ఊరాక ఎలా ఉంటుందో చెప్పలేం. 2016లో 'గోర్' వచ్చినప్పుడు సొంత గిటారిస్ట్ స్టీఫెన్ కార్పెంటరే ఆ సంగీతం మొదట్లో తనకి ఎక్కలేదని బాహాటంగా చెప్పాడు. ఆల్బమ్ చేసిన మనిషికే అంత టైమ్ పట్టినప్పుడు నాలుగుసార్లు విన్న మీరు ఎందుకు కంగారు పడతారు? ఒక నెల పక్కన పెట్టి, ఓ రాత్రి మళ్ళీ పెట్టండి. అప్పటికీ మధ్య పాటలు కలిసిపోతే, అది ఆల్బమ్‌లోని లోపమే.

ప్రశ్న: మా అబ్బాయి వర్క్ ఫ్రం హోమ్. పొద్దస్తమానం ఆ గదిలోంచి ఒకటే మోత. ఏంట్రా అంటే 'ఆల్టర్నేటివ్ మెటల్ అమ్మా' అంటాడు. పాడేది ఒక్క ముక్క అర్థం కాదు. అసలు ఇది ఏమిటండీ? వాడికి ఏమైనా బాధగానీ ఉందా?
(వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అమ్మ)

జవాబు: అమ్మా, మెటల్ అంటే బరువైన గిటార్ల సంగీతం. దానికి పంక్, ర్యాప్, ఇంకా ఎక్కడెక్కడివో తెచ్చి కలిపినవాళ్ళని ఆల్టర్నేటివ్ మెటల్ అన్నారు. 1980ల చివర్లో ఫెయిత్ నో మోర్ అనే బ్యాండ్‌తో ఈ మాట బాగా వినపడింది, తర్వాత టూల్, డెఫ్‌టోన్స్ బ్యాండ్లు. ఈ డెఫ్‌టోన్స్ గాయకుడు చీనో మొరేనోకి ది క్యూర్, డెపెష్ మోడ్ అనే మెత్తటి బ్రిటిష్ బ్యాండ్లంటే ప్రాణం, అందుకే అంత మోతలోనూ ఒక జోలపాట వినిపిస్తుంది.

మాటలు అర్థం కాకపోవడం మీ తప్పు కాదు. ఆయన కావాలనే గొంతుని వాయిద్యంలా వాడతాడు. రాగం ఆలాపన వినేటప్పుడు సాహిత్యం ఏదని అడగం కదా. పాట గట్టిగా ఉంది కాబట్టి పిల్లాడు బాధలో ఉన్నాడని అనుకోవద్దు. వేళకి తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని మాత్రం చూడండి. సౌండ్ తగ్గించమని చెప్పే హక్కు మీకు ఎలాగూ ఉంది.

ప్రశ్న: రివ్యూలన్నిటినీ కలిపి ఒక మార్కు ఇచ్చే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో నంబర్ చూసి ఆల్బమ్ వినాలో వద్దో తేల్చుకుంటాను. తప్పా అన్నా?
(యలహంక, బీటెక్ విద్యార్థి)

జవాబు: తప్పేం లేదు తమ్ముడూ, కానీ ఆ నంబర్ ఎలా తయారవుతుందో తెలుసుకో. కనీసం నాలుగు రివ్యూలు ఉంటేనే స్కోర్ వస్తుంది. నక్షత్రాలు, గ్రేడ్లు అన్నిటినీ 100కి మారుస్తారు, అసలు మార్కులే వేయని రివ్యూ అయితే చదివి అక్కడివాళ్ళే ఒక అంకె వేస్తారు. ఆ పైన కొన్ని పత్రికలకి ఎక్కువ విలువ ఇస్తారు, దేనికి ఎంత అన్నది బయటపెట్టరు. అంటే 85కీ 80కీ తేడా మీ ఇంటర్నల్ మార్కుల్లాంటిదే.

2019లో టూల్ 13 ఏళ్ళ తర్వాత 'ఫియర్ ఇనాక్యులమ్' తెచ్చింది. డిజిటల్‌లో 80 నిమిషాలు దాటుతుంది, అందులో పెద్ద పాటలన్నీ పది నిమిషాల పైమాటే. సాగదీశారు అన్నవాళ్ళూ ఉన్నారు, అద్భుతం అన్నవాళ్ళూ ఉన్నారు. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా మొదటి స్థానంలో దిగింది, అందులోని '7ఎంపెస్ట్' గ్రామీ కొట్టింది. నాకు ఆ పొడవే ఇష్టం, మా తమ్ముడికి ఆ పొడవే విసుగు. సగటు తీసిన అంకెలో మా ఇద్దరం మాయమైపోతాం.

ప్రశ్న: రీల్స్‌లో 'చేంజ్' పాట విని పిచ్చెక్కింది. డెఫ్‌టోన్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? కొత్తదా, పాతదా?
(కోరమంగళ పాఠకురాలు)

జవాబు: ఆ పాట ఉన్న 'వైట్ పోనీ'తోనే మొదలుపెట్టండి, కొత్తది తర్వాత. ఒక్క జాగ్రత్త. ఇది జూన్ 2000లో వచ్చినప్పుడు 'ఫెయిటిసేరా' అనే పాటతో మొదలయ్యేది. రేడియోకి పనికొచ్చే పాట కావాలని కంపెనీ పట్టుబడితే, ఆల్బమ్ చివరి పాట 'పింక్ మ్యాగిట్'లోంచి ఒక ముక్క తీసి ర్యాప్ చేర్చి 'బ్యాక్ టు స్కూల్' అని చేశారు, అదే ఏడాది దాన్ని ముందు పెట్టి ఆల్బమ్‌ని మళ్ళీ అమ్మారు. చీనోకి తర్వాత ఆ పని మీద చిరాకే మిగిలింది. మీ ఫోన్‌లో అది మొదటి పాటగా కనిపిస్తే దాటేసి రెండోదాని నుంచి వినండి.