మొక్కల దీపాలకు డ్రైవర్ కొనేటప్పుడు ముందు చూడవలసింది వాట్లు కాదు

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాము. బాల్కనీ ఉత్తరం వైపు ఉంది, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్ లేచింది కాబట్టి ఎండ దాదాపు రాదు. ఇంట్లోనే పాలకూర, కొత్తిమీర, లెట్యూస్ పెంచాలని ఇనుప యాంగిళ్లతో మూడు అరల ర్యాక్ చేయించుకున్నాను. ఒక్కో అర నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ఒక్కో అరకు నాలుగేసి ఎల్‌ఈడీ స్ట్రిప్పులు బిగించాను. స్ట్రిప్పు మీద 22 వోల్టులు, 700 మిల్లీఆంపియర్లు అని రాసి ఉంది. దుకాణంలో అడిగితే 24 వోల్టుల, 10 ఆంపియర్ల పవర్ సప్లై ఇచ్చారు. మొదటి అరకు కలపగానే కళ్లు చెదిరేంత వెలుగు వచ్చింది. అరగంట లోపే రెండు స్ట్రిప్పులు ఆరిపోయాయి, మిగిలిన రెండింటిలో కొన్ని ఎల్‌ఈడీల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. ఇప్పుడు ఎన్ని వాట్ల డ్రైవర్ కొనమంటారు?

సమాధానం: డ్రైవర్ అంటే ఇంటి కరెంటును ఎల్‌ఈడీలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె. ముందుగా స్ట్రిప్పులు ఎందుకు కాలిపోయాయో తెలుసుకుంటే, కొనవలసిన డ్రైవర్ ఏదో మీకే అర్థమవుతుంది. 22 వోల్టుల స్ట్రిప్పుకు 24 వోల్టులు ఇస్తే పెద్ద తేడా ఉండదని ఎవరికైనా అనిపిస్తుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు విషయంలో ఆ మాట నిజమే, ఎందుకంటే దాని తీగ వేడెక్కిన కొద్దీ నిరోధం పెరిగి, కరెంటును అదే అదుపులో ఉంచుకుంటుంది. ఎల్‌ఈడీ స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. మీ స్ట్రిప్పు 22 వోల్టులదంటే, ఒక్కొక్కటి సుమారు 2.75 వోల్టులు తీసుకునే ఎల్‌ఈడీలు ఎనిమిదేసి చొప్పున వరుసగా కలిపి ఉండి ఉండాలి. 24 వోల్టులు ఇచ్చినప్పుడు ఒక్కో ఎల్‌ఈడీకి అందేది 3 వోల్టులు. పెరిగింది పావు వోల్టే, కానీ ఆ పావు వోల్టుకే కరెంటు మూడు రెట్లు దాటిపోగలదు. కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడెక్కిన ఎల్‌ఈడీ అంతే కరెంటును ఇంకా తక్కువ వోల్టేజికే లాగుతుంది, కాబట్టి 24 వోల్టులు మారకుండా నిలబడి ఉన్నంతసేపూ కరెంటు ఇంకా ఇంకా పెరుగుతూనే ఉంటుంది. మీ సప్లైకి 10 ఆంపియర్ల దాకా ఇచ్చే శక్తి ఉంది కాబట్టి దాన్ని ఆపేవారు లేకపోయారు.

అందుచేత మీకు కావలసింది వోల్టేజిని నిలబెట్టే సప్లై కాదు, కరెంటును నిలబెట్టే డ్రైవర్. దీన్ని కాన్‌స్టాంట్ కరెంట్ డ్రైవర్ అని అడగండి. 12 లేదా 24 వోల్టుల సప్లైలు అలంకరణ కోసం వాడే రోల్ స్ట్రిప్పులకు పనికివస్తాయి, ఎందుకంటే వాటిలో మూడు లేదా ఆరు ఎల్‌ఈడీలకు ఒకటి చొప్పున చిన్న రెసిస్టర్లు ముందే ఉంటాయి. మొక్కల కోసం చేసే స్ట్రిప్పుల్లో, బోర్డుల్లో సాధారణంగా ఆ రెసిస్టర్లు ఉండవు.

డ్రైవర్ లేబుల్ మీద మీరు మొదట చూడవలసింది ఆంపియర్లు, తరువాత వోల్టేజి పరిధి, చివరగా మాత్రమే వాట్లు. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి "60 వాట్లది ఇవ్వండి" అని అడుగుతారు. 60 వాట్ల డ్రైవర్ అంటే 30 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు ఇచ్చేది కావచ్చు, 170 వోల్టుల దగ్గర 350 మిల్లీఆంపియర్లు ఇచ్చేది కూడా కావచ్చు. మీ స్ట్రిప్పులకు ఆ రెండూ సరిపడవు.

ఒక అరలోని నాలుగు స్ట్రిప్పులను మూడు విధాలుగా కలపవచ్చు. నాలుగింటినీ పారలల్‌గా, అంటే ప్రతి స్ట్రిప్పు రెండు కొసలనూ నేరుగా డ్రైవర్‌కే కలిపితే 22 వోల్టులు, 2.8 ఆంపియర్ల డ్రైవర్ కావాలి. దీనిలో ఒక చిక్కు ఉంది: ఒక స్ట్రిప్పు తీగ వదులైపోతే, డ్రైవర్ తన 2.8 ఆంపియర్లనూ మిగిలిన మూడింటికే పంచుతుంది, ఒక్కోదానికి 930 మిల్లీఆంపియర్లకు పైగా వెళుతుంది. నాలుగింటినీ సిరీస్‌గా, అంటే ఒకదాని వెనుక ఒకటిగా కలిపితే కరెంటు అన్నింటికీ సరిగ్గా 700 మిల్లీఆంపియర్లే ఉంటుంది, ఒక తీగ ఊడితే అన్నీ ఆరిపోతాయి తప్ప ఏదీ కాలిపోదు. అయితే అప్పుడు వోల్టేజి 88కి చేరుతుంది. డీసీలో 60 వోల్టులు దాటకుండా ఉండటం ఇంటి పనికి మంచి హద్దు. తడి చేతులతో కుండీలు జరిపే చోట, నీళ్లు చిలకరించే చోట ఈ హద్దును నేను గట్టిగా పాటించమంటాను.

కాబట్టి నా సలహా మూడో పద్ధతి. రెండేసి స్ట్రిప్పులను సిరీస్‌గా కలిపి, ప్రతి జతకూ ఒక చిన్న డ్రైవర్ ఇవ్వండి. అప్పుడు ఒక్కో జతకు 44 వోల్టులు, 700 మిల్లీఆంపియర్లు, అంటే దాదాపు 31 వాట్లు అవుతాయి. 700 మిల్లీఆంపియర్లు ఇస్తూ, 30 నుంచి 54 వోల్టుల వంటి పరిధి ఉన్న 40 వాట్ల తరగతి డ్రైవర్ దీనికి చక్కగా సరిపోతుంది. మీ 44 వోల్టులు ఆ పరిధి లోపల, పై అంచుకు కాస్త దూరంగా ఉండాలి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు వెలిగించిన ఎల్‌ఈడీ కొంచెం ఎక్కువ వోల్టేజి కోరుతుంది. మూడు అరలకు ఆరు డ్రైవర్లు కావాలంటే ఎక్కువ అనిపించవచ్చు. కానీ ఒకటి పాడైతే సగం అర మాత్రమే చీకటవుతుంది, మార్చడానికి అయ్యే ఖర్చు కూడా తక్కువ. 350, 500, 700 మిల్లీఆంపియర్లుగా చిన్న స్విచ్చులతో మార్చుకునే రకం దొరికితే అదే తీసుకోండి. విత్తనాలు మొలకెత్తిన మొదటి రోజుల్లో 350 చాలు, ఆకులు విచ్చుకున్నాక పెంచుకోవచ్చు.

అన్నింటినీ కలిపి ఒకే పెద్ద డ్రైవర్ పెట్టవచ్చా అని మీకు తట్టవచ్చు. ఉదాహరణకు తైవాన్ సంస్థ మీన్‌వెల్ తయారుచేసే హెచ్‌ఎల్‌జీ-185హెచ్-సీ700 అనే డ్రైవర్ 700 మిల్లీఆంపియర్లను 143 నుంచి 286 వోల్టుల వరకు ఇస్తుంది. మీ పన్నెండు స్ట్రిప్పులూ సిరీస్‌గా కలిపితే 264 వోల్టులు, లెక్క ప్రకారం కచ్చితంగా సరిపోతుంది. అయినా చేతితో టంకం వేసిన అతుకులున్న ర్యాక్ మీద 264 వోల్టుల డీసీ పారించడం ప్రాణాంతకం. డ్రైవర్ ఎంత మంచిదైనా ఆ పని చేయకండి.

ఈ వెలుగు మొక్కలకు సరిపోతుందా అన్నది కూడా చూద్దాం. ఒక అరలో నాలుగు స్ట్రిప్పులూ కలిపి సుమారు 62 వాట్లు. మొక్కలకు అందే కాంతి కణాలను మోల్, మైక్రోమోల్ అనే కొలతల్లో లెక్కిస్తారు. మంచి ఎల్‌ఈడీ ఒక్కో వాట్‌కు సెకనుకు 2.5 మైక్రోమోల్‌ల కాంతి ఇస్తుందనుకుని, అందులో అయిదో వంతు పక్కలకు పోతుందనుకుంటే, మీ అర వైశాల్యం మీద చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 220 మైక్రోమోల్‌లు పడతాయి. రోజుకు 16 గంటలు వెలిగిస్తే అది 12.7 మోల్‌లు. లెట్యూస్‌కు రోజుకు 12 నుంచి 17 మోల్‌లు కావాలంటారు కాబట్టి సరిపోతుంది. డ్రైవర్‌లో పోయే పదో వంతును కూడా కలుపుకుంటే ఒక్కో అర రోజుకు 1.1 యూనిట్లు కాలుస్తుంది, మూడు అరలకు నెలకు 100 యూనిట్లు. బిల్లు స్లాబు మారే అవకాశం ఉంది కాబట్టి మొదట ఒక అర నడిపి చూసి, మిగిలినవి తరువాత పెంచుకోండి.

కొనేటప్పుడు కోఠిలోని గుజరాతీ గల్లీలో గానీ ట్రూప్ బజార్‌లో గానీ డ్రైవర్‌ను చేతిలోకి తీసుకుని లేబుల్ చదవండి. మన దేశంలో అమ్మే ఎల్‌ఈడీ డ్రైవర్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి, లేబుల్ మీద ఐఎస్ 15885 అనే ప్రమాణం, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు వివరాలు వస్తాయి. అలాగే ఐసొలేటెడ్ రకమే, అంటే గోడ కరెంటు వైపును డీసీ వైపు నుంచి పూర్తిగా విడదీసి ఉంచేదే అడగండి. చవక డ్రైవర్లలో కొన్నింటికి ఈ విభజన ఉండదు, వాటి డీసీ తీగను ముట్టుకోవడం గోడ ప్లగ్గులోని ఫేజును ముట్టుకోవడంతో సమానం.

బిగించే క్రమం ఇది. ముందు స్ట్రిప్పులను డ్రైవర్‌కు కలిపి, ఆ తరువాతే ప్లగ్గు పెట్టండి. వెలుగుతున్న డ్రైవర్‌కు స్ట్రిప్పును తగిలించకూడదు, ఎందుకంటే స్ట్రిప్పు తగిలించని డ్రైవర్ తన గరిష్ఠ వోల్టేజికి ఎక్కి కూర్చుంటుంది, విద్యుత్తును నిల్వ ఉంచే లోపలి కెపాసిటర్ తగిలించిన క్షణంలో ఒక్కసారిగా ఖాళీ అవుతూ ఎల్‌ఈడీలను కాల్చేస్తుంది. మొదటిసారి వెలిగించేటప్పుడు మల్టీమీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, స్ట్రిప్పుతో సిరీస్‌గా కలిపి కరెంటు చూడండి. 0.70 దగ్గర అంకె కదలకుండా నిలిస్తే అంతా సరిగా ఉన్నట్టే. తరువాత ఎర్ర తీగను తప్పకుండా వోల్టుల రంధ్రంలోకి మార్చండి. మరచిపోయి దానితో గోడ ప్లగ్గు వోల్టేజి కొలిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ర్యాక్ ఇనుముది కాబట్టి దానికి ఎర్తింగ్ ఇవ్వండి, ఆ ప్లగ్గు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) మీద ఉండేలా ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి.

ప్రశ్న: నేను మెహదీపట్నంలో ఉండి చదువుకుంటున్న విద్యార్థిని. కొనుక్కున్న గ్రో లైట్ మరీ ప్రకాశంగా ఉంది. ఫ్యాన్ రెగ్యులేటర్ కలిపి వెలుగు తగ్గించవచ్చా? టైమర్ కూడా పెట్టాలనుకుంటున్నాను.

సమాధానం: ఫ్యాన్ రెగ్యులేటర్ వద్దు. వాటిలో కొన్ని రకాలు ఏసీ తరంగాన్ని ముక్కలుగా కోసి పంపుతాయి, మామూలు డ్రైవర్ దాన్ని అర్థం చేసుకోలేక మినుకుమినుకుమంటుంది, కొద్ది రోజుల్లో పాడవుతుంది. వెలుగు తగ్గించే సదుపాయం డ్రైవర్‌లోనే ఉండాలి. డ్రైవర్‌కు ఏసీ, డీసీ తీగలు కాక మరో రెండు సన్నటి తీగలు వచ్చి, లేబుల్ మీద 0–10 వోల్టుల డిమ్మింగ్ అని ఉంటే, ఆ రెండింటి మధ్య నియంత్రణ కలపాలి. రెసిస్టెన్స్‌తో కూడా డిమ్ అవుతుందని రాసి ఉంటే 100 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ (తిప్పి నిరోధం మార్చే నాబ్) చాలు, అది గల్లీ దుకాణాల్లో చాలా చవకగా దొరుకుతుంది. చాలా డ్రైవర్లు ఇలా 10 శాతం దాకానే దిగుతాయి, పూర్తిగా ఆరిపోవు, కాబట్టి ఆర్పడానికి టైమర్‌ను ఏసీ వైపు పెట్టండి. డ్రైవర్ వెలిగే తొలి క్షణంలో పదుల ఆంపియర్లు ఒక్క ఉదుటున లాగుతుంది. చిన్న టైమర్లలోని రిలే (లోపలి స్విచ్చు) కాంటాక్టులు దీనివల్లే అతుక్కుపోయి, దీపం రాత్రంతా వెలుగుతూ ఉంటుంది. 16 ఆంపియర్ల టైమర్ తీసుకోండి. మీ డ్రైవర్‌కు ఆ సన్నటి తీగలు లేకపోతే, దీపాన్ని ఇంకో అడుగు పైకి కట్టడమే ప్రస్తుతానికి తేలికైన మార్గం.

ప్రశ్న: ఎల్బీనగర్‌లో మా ఇంట్లో గ్రో లైట్ డ్రైవర్‌ను అటక మీద పెట్టాము. రెండో వేసవిలోనే చనిపోయింది. కంపెనీ తప్పా, మా తప్పా?

సమాధానం: మీరు పంపిన ఫోటోలో డ్రైవర్ అటక మీద పాత దుప్పట్ల పక్కన ఉంది, అదే ముఖ్య కారణం. మే నెలలో మన నగరంలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, పై కప్పు కింద అటకలో వేడి ఇంకా ఎక్కువ. డ్రైవర్‌లో ముందుగా అలసిపోయేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో స్థూలంగా వాడే లెక్క. డ్రైవర్ పైభాగంలో టీసీ అని గుర్తు పెట్టిన చుక్క ఉంటుంది, లేబుల్ మీద ఇచ్చిన ఉష్ణోగ్రతను ఆ చుక్క దగ్గర దాటకూడదు. కొత్తదాన్ని దీపానికి పైన కాకుండా పక్కన, గాలి ఆడేచోట, అల్యూమినియం పట్టీకి గట్టిగా బిగించండి. అవసరమైన వాట్ల కన్నా మూడో వంతు ఎక్కువ ఇవ్వగలిగేది తీసుకుని తక్కువగా నడిపితే అది చల్లగా ఉంటుంది. మీ ఇంట్లో పాత ఇన్వర్టర్ ఉండి, దాని మీద స్క్వేర్ వేవ్ రకం అని ఉంటే డ్రైవర్‌ను దాని మీద నడపకండి, కరెంటు పోయిన గంట రెండు గంటలు చీకట్లో ఉన్నా మొక్కలకు ఏమీ కాదు.